కౌది నాలుగో మూల

ఈ సంగతి గురించి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. పోయిన ఏడు బళ్ళారి నుంచి ఇద్దరు ఆడపిల్లలు కెమెరా తగిలించుకుని మా ఊరికి వచ్చారు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి కుట్టే కౌదుల గురించి రాసుకుని పోయారు. కౌది అంటే మా కోస్తా వైపు బొంత అనేదే. నాలుగిళ్ళు తిరిగారు, ఫోటోలు తీసుకున్నారు, మండక్కి బొరుగులు తిన్నారు, మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళారు. నేను అరుగు మీదే ఉన్నాను. వాళ్ళలో ఒకమ్మాయి ఆగి తాగడానికి నీళ్ళడిగింది. ఇచ్చాను. తాగి గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆమెను అనుకుని ఏం లాభం? ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం గోడ మీద, మొట్టమొదట కూర్చుని కుట్టినవాళ్ళ పేర్లు కన్నడంలో రంగుతో రాయించారు. తిప్పక్క పేరుంది. హులిగెమ్మ పేరుంది. ఒక్కరోజూ సూది పట్టకుండా స్తంభానికి ఆనుకుని తమలపాకులు నమిలిన ఊరిపెద్ద భార్య గౌడసాని పేరు కూడా ఉంది. అన్నిటి కింద 'ఇతరులు' అని ఉంది. ఆ ఇతరులు నేను. సంఘం పెద్దగా ఉన్న అమ్మాయిని మూడుసార్లు అడిగాను. మూడోసారి, "గోడ మీద జాగా ల్యా అవ్వా" అంది. పక్కనే నీళ్ళ ట్యాంకు బొమ్మ వేయడానికి మాత్రం జాగా సరిపోయింది.

అయితే నేనిది గోడ మీద పేరు కోసం రాయడం లేదు. మూడు వారాల కింద హులిగెమ్మ పెద్దకూతురు ఈరమ్మ మా ఇంటికి వచ్చింది. అంతకు పదిరోజుల ముందే హులిగెమ్మ పోయింది. ఆ కబురు నాకు పాలు పోసే అతను చెప్పాడు, ఇంట్లోవాళ్ళు చెప్పి పంపలేదు. ఈరమ్మ చంకలో ఒక మూట ఉంది. దాన్ని గడప లోపల పెట్టి, "చిన్నమ్మా, ఇది మీది" అంది. ఆ మనిషి నన్ను చిన్నమ్మా అని పిలవడం అదే మొదలు. అట్లా పిలవమని ఆమెకెవరు నేర్పారా అనుకున్నాను. మూటలో ఏముందో చెప్పే ముందు, నేనీ నేలకు ఎట్లా వచ్చానో చెప్పాలి.

తుంగభద్ర కాలవకు నీళ్ళు వదిలిన కొత్తలో మా నాన్న కృష్ణా నది దగ్గరి రెండెకరాలు అమ్మి ఇక్కడ నల్లరేగడి కొన్నాడు. అప్పటికి మా అమ్మ పోయి రెండేళ్ళు. అమ్మ చెల్లెలినే నాన్న చేసుకున్నాడు, మాకు ఆమె పిన్నే. కెంచనగుడ్డకు పోయే దారిలో కాలవకు ఇవతల మా కోస్తావాళ్ళ పాకలు పదో పన్నెండో ఉండేవి. దాన్ని క్యాంపు అనేవారు. అవతల గట్టున ఊరు. మధ్యలో కాలవ మీద రెండు తుమ్మ దుంగలు వేసిన వంతెన. ఊరివాళ్ళకు మేము క్యాంపోళ్ళం, అన్నం తినేవాళ్ళం. వాళ్ళింట్లో పొద్దుటే జొన్నరొట్టె చరిచే చప్పుడు కాలవ దాటి వినిపించేది. మా ఇంట్లో గోంగూర ఉడికే వాసన వాళ్ళకు వెళ్ళేదేమో. చప్పుళ్ళు, వాసనలు దాటినంత సులువుగా మనుషులు దాటేవాళ్ళు కాదు. మగవాళ్ళైనా పొలం పనుల్లో కలిసేవారు. పదహారేళ్ళ దాన్ని, నాకు పిన్ని, పిన్ని చంటిపిల్లవాడు, బట్టల మూట తప్ప మాట్లాడటానికి ఎవరూ లేరు.

ఆ బట్టల మూటే నాకు హులిగెమ్మను చూపించింది. ఒకరోజు కాలవలో చీర ఉతుకుతుంటే అవతలి గట్టు నుంచి ఒకామె కేకేసింది. "ఏం పాపా, ఆ చీర నీకేం అపకారం చేసిందని అట్ల బండకేసి కొడతాండావు?" కొత్త కోడలు, రూపనగుడి వైపు పిల్ల, నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. ఆమె ముందు పాత గుడ్డల గుట్ట ఉంది. వాటిని నీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి, గంజి పోయేదాకా జాడిస్తోంది. ఎందుకని అడిగాను. "కౌదికి. కౌది గుడ్డని కొట్టకూడదు, బతిమాలాల" అంది. నేను నవ్వాను. ఊరు మారాక నేను నవ్వింది అదే మొదటిసారి అనుకుంటాను. మరుసటి రోజు ఆమే దుంగల మీద చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళింది. నన్ను క్యాంపు పిల్ల అనకుండా వరలక్ష్మి అనే పేరుతో, అది కూడా కత్తిరించి 'వరా' అని పిలిచింది ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

బడి వదిలేశాక బడి వసారాలో ఆడవాళ్ళు ఏడెనిమిది మంది కూర్చునేవారు. వాళ్ళకు పెద్ద తిప్పక్క. యాభై ఏళ్ళ వితంతువు, వెడల్పాటి అరచేతులు, మాట తక్కువ. వసారా నిండా ఉతికిన పాతచీరల వాసన, దారానికి రాసే మైనం వాసన, తిప్పక్క నోట్లో పొగాకు వాసన కలిసి ఉండేవి. ఆ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఏ ఇంట్లోనూ రాదు. గుడ్డలు నేల మీద పరిచి, నీళ్ళు చిలకరించి, అరచేతులతో ముడతలు తోసి, మళ్ళీ ఒక పొర. అట్లా ఐదారు పొరలు వేశాక నాలుగు వైపులా మనుషులు కూర్చుని అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. కుట్టు జొన్నగింజ కంటే పొడుగు ఉండకూడదు, వరుసకీ వరుసకీ మధ్య వేలెడు జాగా. తిప్పక్క ఒక్కో వరుస మీద గోరు గీసుకుంటూ పోయేది. ఎక్కడ గోరు తట్టుకుంటే అక్కడి నుంచి ఇప్పేసేది. మాట్లాడుకోవచ్చు, ఏడవచ్చు, అత్తల్ని తిట్టుకోవచ్చు, సూది మాత్రం ఆగకూడదు. అదొక్కటే ఆమె పెట్టిన కట్టడి.

మొదటి రోజే నా ఎడమచేతివాటం బయటపడింది. సూది ఎడమచేత్తో పట్టుకోగానే గౌడసాని స్తంభం దగ్గర నుంచి, "అయ్యో, ఈ పిల్లది ఎడమచెయ్యి! అన్నం తిని తిని చెయ్యి తిరిగిపోయినట్లుండాది" అంది. అందరూ నవ్వారు. నా పక్కనున్నామెకు నా మోచెయ్యి తగిలి ఆమె కుట్టు వంకరపోయింది. మళ్ళీ నవ్వు. తిప్పక్క నవ్వలేదు కాని నేను కుట్టిన వరుస మొత్తం ఇప్పేసింది. రెండోరోజు ఇప్పేసింది, మూడోరోజూ ఇప్పేసింది. నాలుగోరోజు నేను వెళ్ళకపోతే హులిగెమ్మ దుంగలు దాటి మా పాకకు వచ్చి పిన్ని ముందే అంది: "కొసన కూర్చుంటే ఎవరి మోచెయ్యి తగలదు. నీ జాగా నేను చూసిపెట్టినా, రా." ఆ జాగా కౌది నాలుగో మూల. ఎడమ వైపు నాకు గాలి తప్ప ఎవరూ లేరు, కుడి వైపు హులిగెమ్మ. నెల తిరిగేసరికి తిప్పక్క గోరు నా వరుస మీద ఆగకుండా జారిపోయింది. ఆమె పొగిడిందేమీ లేదు. "ఊఁ" అంది. ఆ 'ఊఁ' నాకింకా చెవిలో ఉంది.

ఆ మూల గురించి చెప్పాలి. కౌదికి మూడు మూలలు మూసేసినా నాలుగోది చివరిదాకా తెరిచే ఉంచుతారు. అంతా అయిపోయిన రోజు, చిటికెడు జొన్నరొట్టె ముక్క ఆ సందులో పెట్టి అప్పుడు మూస్తారు. దాన్ని తుత్తు పెట్టడం అంటారు, అన్నప్రాశనకు బిడ్డ నోట్లో పెట్టే ముద్ద లాంటిది. "తుత్తు తినని కౌది మనిషికి నిద్రనియ్యదు, ఆకలికి తానే ఏడుస్తా ఉంటాది" అనేది తిప్పక్క. ఆ మూల కుట్టేది అందరిలో కొత్తగా చేరినామె. కుట్టి దారం పంటితో తెంచితే ఆ రోజు నుంచి ఆమె వాళ్ళలో మనిషి. అంతవరకు ఎంత పనిచేసినా బయటిదే. ఆ మూల కోసం నేను ఎంత ఎదురుచూశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నాకు ఆ ఊళ్ళో వేరే చోటు లేదు.

హులిగెమ్మకు ఏడో నెల వచ్చింది. పుట్టబోయే బిడ్డకు కౌది మొదలుపెట్టారు. అట్లాంటి కౌదికి ప్రతి ఆడమనిషి తన దగ్గరున్న అన్నిట్లోకీ మెత్తటి గుడ్డ ఇవ్వాలి. మా ఇంట్లో అన్నిట్లోకీ మెత్తటిది మా అమ్మ నీలం చీర. పెట్టె అడుగున వట్టివేళ్ళ మధ్య ఉండేది. మా వైపు పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది అమ్మమ్మ పాతచీరలోనే. ఆ అమ్మమ్మ ఉన్నా సరే, పోయినా సరే. పెద్దవాళ్ళ చెయ్యి తగిలినట్టని అనుకునేవాళ్ళం. అదే తలచుకుని పిన్నికి చెప్పకుండా మూరెడు ముక్క కోసి తీసుకెళ్ళాను. తిప్పక్క దాన్ని చెంపకు ఆనించుకుని, "ఎంత మెత్తగుండాదే! దీన్ని నడుమ ఏయండి, కూసు మొగం తగిలే తావ" అంది. బిడ్డను వాళ్ళు కన్నడంలో కూసు అంటారు. ఎవరిదని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. దాచాలని కాదు, అందులో చెప్పాల్సిందేమైనా ఉందని నాకు తెలియదు. ఆ ముక్క చుట్టూ కుట్లు నేనే వేశాను. వేస్తుంటే హులిగెమ్మ నా చేతి మీద తన చెయ్యి వేసి, "ఇది కప్పుకుంటే నా బిడ్డ నీ మాదిరి కోస్తా మాట మాట్లాడతాదేమో వరా" అంది. "మాట్లాడితే మీ ఊరికి మంచిదే" అన్నాను. అంత ధైర్యం వచ్చేసింది నాకు.

హులిగెమ్మకు తొమ్మిదో నెల పడ్డాక తుత్తు పెట్టే రోజు వచ్చింది. మూల కుట్టేది నేను. మావాళ్ళు ఎవరైనా చూడాలని పిన్నిని నేనే పిలిచాను. ఇవాళ్టికీ పళ్ళు కొరుక్కునే తప్పు అదొక్కటే. పిన్ని చంటివాణ్ణి ఎత్తుకుని వసారా మెట్టెక్కింది, కౌది వైపు చూసింది.

"అయ్యయ్యో, ఇది అక్క చీర కదే! పోయిన మనిషి చీర ఎవర్నడిగి కోశావే? నేను దాన్ని దాచిందెందుకు?"

సూదులు ఆగిపోయాయి. ఆ వసారాలో సూదులు ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. తిప్పక్క నెమ్మదిగా తలెత్తింది.

"సచ్చినామె గుడ్డనా?"

"మా అమ్మది" అన్నాను.

"సచ్చినోళ్ళ గుడ్డ ఏటికి పోవాల పాపా. బిడ్డ ఊగే తొట్టెలోకి రాకూడదు." ఆమె గొంతులో కోపం లేదు. "నీకు తెలీక చేసినావు. పెట్టింది నువ్వే కాబట్టి నువ్వే ఇప్పు. ఇప్పి, కౌదికి దండం పెట్టి తప్పాయె అను. ఇంకో గుడ్డ ఏసి మూల నువ్వే కుట్టుదువు. అష్టే, ఇంకేం లేదు."

ఇప్పుడు తలచుకుంటే అది పెద్ద శిక్ష కాదు. పదహారేళ్ళ నా చెవికి మాత్రం అది మా అమ్మను ఆ వసారా నుంచి వెళ్ళగొట్టినట్టు వినిపించింది. "మా అమ్మ గుడ్డ తగిలితే బిడ్డకేమవుతుంది? మా అమ్మ దెయ్యమా?" అన్నాను.

"సూడండమ్మా క్యాంపుదాని నోరు!" అంది గౌడసాని.

"తప్పాయె అను పాపా" అంది తిప్పక్క మళ్ళీ.

"అనను."

నేను హులిగెమ్మ వైపు చూశాను. కౌది ఆమెది, బిడ్డ ఆమెది. 'ఉండనియ్ తిప్పక్కా' అని ఆమె ఒక్క మాట అంటే చాలు. ఆమె తల ఎత్తలేదు. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో దారం కొసను మెలిపెడుతూ కూర్చుంది. సూదిని నా మూలలో గుచ్చి లేచాను. మెట్లు దిగాను, ఊరు దాటాను, దుంగలు దాటాను. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారని చెవులు రిక్కించుకునే నడిచాను. ఎవరూ పిలవలేదు. తిప్పక్కకు పుట్టిన ముగ్గురూ తొట్టెలోనే పోయారని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజే తెలిసి ఉంటే తప్పాయె అని ఉండేదాన్నా అంటే, ఏమో. నన్ను నేను బాగా ఎరుగుదును.

తర్వాత నా పెళ్ళి క్యాంపులోనే జరిగింది, నా బతుకంతా ఇవతలి గట్టునే గడిచింది. హులిగెమ్మ అవతలి గట్టున ఐదుగురిని కన్నది. ఆమె చేసిన చిన్నచూపులు నేను ఒక్కటీ మరిచిపోలేదు. ఈరమ్మ నామకరణానికి పిలవలేదు. ఈరమ్మ పెళ్ళికి నోటిమాట పంపింది తప్ప, బొట్టు పెట్టి పిలవడానికి తాను రాలేదు. బొట్టు లేని పిలుపుకు నేను వెళ్ళను. ఒకసారి సిరుగుప్ప బస్సులో వేరే చోటు లేక ఇద్దరం ఒకే సీటులో కూర్చోవాల్సి వచ్చింది. ఆమె సంచిలోంచి జామపండు తీసి, రెండు చేసి, ఒక ముక్క మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టింది. నా వైపు చూడలేదు, తీసుకో అనలేదు. నేనూ కిటికీలోంచి చెరుకు బండ్లు చూస్తూ కూర్చున్నాను. సిరుగుప్పలో దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను, ముక్క అట్లాగే ఉంది. అప్పటికి మా ఇద్దరి తలలూ సగం నెరిశాయి.

ఇంక ఈరమ్మ తెచ్చిన మూట. ముడి విప్పితే ఆ కౌది. నేను చూడగానే గుర్తుపట్టలేదు, ఎట్లా పడతాను, అన్ని రంగులూ కలిసి ఒకే బూడిదరంగైంది. మధ్యలో మూరెడు ముక్క మాత్రం, నీలం అని తెలిసినవాళ్ళకే నీలం. చుట్టూ నా కుట్లు. జొన్నగింజ కంటే పొడుగు ఒక్కటీ లేదు.

"దీన్ని ఇప్పలేదా?" అన్నాను.

"యాడ ఇప్పుతాది మా అమ్మ! అప్పుడు తిప్పవ్వ ఇప్పమనిందంట. నా బిడ్డ కౌది, నేను ఇప్పను అనిందంట మా అమ్మ. మీరు లేచిపోయినాక. నెల దినాలు తిప్పవ్వ మా ఇంటి గడప తొక్కలేదంట. నేను పుడితే చూడనీకి కూడా రాల్యా."

నేను కౌదిని ఒళ్ళోకి లాక్కున్నాను.

"ఈ గుడ్డ క్యాంపు వరమ్మది, ఆయమ్మ అడిగితే ఇయ్యాల అని చెప్తానే ఉండె. మీరు అడగల్యా చిన్నమ్మా. అమ్మ పోయినాక పరుపూ, గుడ్డలూ ఏట్లో ఏసేకి పోయినాము. అన్నీ ఏసినా, ఇది ఏయడానికి చెయ్యి రాల్యా. సచ్చినామె గుడ్డ మీ ఇంటికి తెచ్చినానని ఏమీ అనుకోవద్దండి." అది చెప్పేటప్పుడు ఆమెకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

నేను అంచులు తడుముకుంటూ పోయాను. ఒకటో మూల, రెండో మూల, మూడోది. నాలుగోది నా వేళ్ళకు తెరుచుకుంది. లోపల పొరలు కనిపిస్తున్నాయి. అంచు మీద కందిగింజంత తుప్పు మరక ఉంది. సూది ఎన్నాళ్ళు అట్లాగే గుచ్చి ఉంచిందో మరి.

"ఇది కుట్టలేదేం?"

"ఎండాకాలం ఉతికినప్పుడు పొరలు జారకుండా పెద్ద పెద్ద కుట్లేసేది. ఆరినాక ఇప్పేసేది. ప్రతి ఏడూ. మేం నవ్వుతాంటిమి. కుట్టెయ్యరాదా అమ్మా అంటే, 'ఆ మూల నాది కాదే' అనేది. ఆకలి కౌది నిద్రనియ్యదంటారు గానీ చిన్నమ్మా, ఐదుగురం దాంట్లోనే పండుకుంటిమి. మాకు నిద్ర బాగానే పట్టె."

ఈరమ్మ వెళ్ళేటప్పుడు, "మీరే కుట్టెయ్యండి" అని చెప్పి వెళ్ళింది. బడి వసారాలో ఇప్పుడు గ్రిల్లు పెట్టి కంప్యూటర్లు పెట్టారు. సంఘం ఆడవాళ్ళు మిషన్ల మీద బ్యాగులు కుడుతున్నారు. కుట్టు తిన్నగా ఉంటోంది, ఎవరి మోచెయ్యీ ఎవరికీ తగలడం లేదు. దుంగల చోట సిమెంటు వంతెన వచ్చి చాలా ఏళ్ళైంది, ట్రాక్టర్లు పోతున్నాయి. కాలవ దాటడం ఇంత సులువైన కాలంలో నేను దాన్ని దాటింది తక్కువ. ఈ మూడు వారాలు కౌదిని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నాను. దారిన పోయేవాళ్ళు, "ఏందవ్వా, పాత కౌది" అంటారు. మొన్న బజారు నుంచి మైనం తెప్పించాను. నా కళ్ళకు సూదిబెజ్జం కనపడకపోతే మనవరాలు దారం ఎక్కించింది. పొద్దున జొన్నరొట్టె చేశాను. అది నాకిప్పటికీ గుండ్రంగా రాదు.

హులిగెమ్మా, నువ్వు నా మాట నిలబెట్టావు, సరే. నెల్లాళ్ళు తిప్పక్క కోపం మోశావు, సరే. మా అమ్మ చీర కింద ఐదుగురు బిడ్డల్ని పడుకోబెట్టావు. ఇదంతా చేసి, ఆ ఒక్క మాట నేనున్నప్పుడే ఎందుకు అనలేదు? నేను మెట్లు దిగేదాకా ఎందుకు ఆగావు? తర్వాతైనా, నాలుగో రోజు నన్ను పిలుచుకుపోవడానికి దుంగలు దాటిన దానివి, మళ్ళీ ఒక్కసారి ఎందుకు దాటలేదు? నువ్వెందుకు రాలేదని నువ్వూ నన్ను అడగొచ్చు. అడుగు, చెప్తాను. కాని ముందు అడిగింది నేను. సూది సిద్ధంగా ఉంది. ఈ రొట్టె ముక్క ఎండిపోతే రేపు ఇంకొకటి చేస్తాను. నువ్వు జవాబు చెప్పేదాకా ఈ మూల కుట్టను.